వేవిళ్ల నుంచి నెలలు నిండే దాకా: ఏ పూటకు ఏ ఉపాయం

అప్పుడు మా ఆవిడకు మూడో నెల. రాత్రి డ్యూటీ, అంటే సి షిఫ్ట్ దిగి పొద్దున్న ఏడింటికి ఇంటికొచ్చేసరికి వంటింటి గడప దగ్గర నేల మీద కూర్చుని ఉంది. వీపు చల్లటి గోడకి ఆనించి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పక్క వాటాలో ఎవరో పోపు వేశారు. ఆవాలు, ఇంగువ వాసన కిటికీలోంచి వస్తోంది. "ఆ కిటికీ వెయ్యండి" అంది, అంతే. నేను దారిలో కట్టించుకొచ్చిన వేడి ఇడ్లీ పొట్లం అలాగే ఉండిపోయింది. ముందు రోజు రాత్రి ఇడ్లీ తినాలనుందని తనే అంది. పొద్దున్నకి ఆ ఆవిరి వాసనే పడలేదు.

కడుపుతో ఉన్న మనిషికి ఏది మంచిది అని అడిగితే పదిమంది పది రకాలుగా చెబుతారు. ఎన్నో నెల, ఏ పూట అని కలిపి అడిగితేనే పనికొచ్చే జవాబు దొరుకుతుంది. మాకు ఇద్దరు పిల్లలు. గాజువాకలో ఉంటాం, రెండు కాన్పులూ విశాఖలోనే. మేము పడి తెలుసుకున్నవీ, డాక్టరమ్మ చెప్పినవీ కలిపి, దేనికి ఏది ఎంచుకోవచ్చో రాస్తున్నాను. ఇది ముఖ్యంగా భర్తల కోసం. మందుల దగ్గర చివరి మాట మాత్రం మీ డాక్టర్‌దే.

పొద్దున్న: తిండి, అల్లం, మాత్ర

వేవిళ్లు మామూలుగా ఆరో వారం దగ్గర మొదలై, తొమ్మిదో వారం ప్రాంతంలో ముదిరి, నాలుగో నెలలో చాలామందికి సద్దుమణుగుతాయి. పేరుకి పొద్దుటి జబ్బే గానీ, కొందరికి సాయంత్రాలే ఎక్కువ. మా ఆవిడకి మొదటిసారి పొద్దున్న, రెండోసారి దీపాలు పెట్టే వేళ.

మొదటి దారి తిండి వేళలు మార్చడం. కడుపు ఖాళీ అయితే వికారం పెరుగుతుంది. మంచం దిగకముందే గుప్పెడు మరమరాలో, రెండు రస్కులో నమిలి, పావుగంట ఆగి లేవాలి. ఆ తర్వాత రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా తినాలి. నీళ్లు తిండితో పాటు కాకుండా మధ్య మధ్య గుక్క గుక్కగా తాగాలి. ఇందులో భర్త పని చాలా చిన్నది. రాత్రి పడుకునే ముందు ఆ మరమరాల డబ్బా ఆమె చెయ్యి అందేచోట పెట్టాలి. పొద్దున్న ఆమె లేచి వెతుక్కోవాల్సి వస్తే ఇక ఆ ఉపాయం పని చెయ్యనట్టే.

రెండోది అల్లం. తేలికపాటి వికారానికి బాగానే పని చేస్తుంది. అల్లం ముక్క దంచి మరిగించి, కొంచెం బెల్లం వేసి, చల్లారాక ఇవ్వండి. వేడిగా ఇస్తే ఆ ఘాటు వాసనకే మళ్లీ కడుపులో తిప్పుతుంది. శొంఠి పొడైతే రోజుకి ఒక గ్రాము దాటించక్కర్లేదు. గుండెల్లో మంట ఉన్నవాళ్లకి ఇది ఎదురు తిరుగుతుంది, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టకూడదు.

మూడోది మాత్ర. డాక్సిలమిన్, విటమిన్ బి6 కలిసినది. "మాత్రా? బిడ్డకేమైనా అయితే?" అని మా అమ్మ కూడా భయపడింది. గర్భిణుల వికారానికి వాడే మందుల్లో ఎక్కువ పరిశీలన జరిగినవాటిలో ఇదొకటి, దశాబ్దాలుగా వాడుకలో ఉంది. రాత్రి పడుకునేటప్పుడు వేసుకుంటే తెల్లారేసరికి పని చేస్తుంది. మగతగా ఉంటుంది కాబట్టి స్కూటీ నడిపేవాళ్లకి పగటి మోతాదు ఇబ్బంది. మణికట్టు మీద నొక్కే పట్టీలు కూడా దొరుకుతాయి. హాని లేదు, కొందరికి ఊరటనిస్తాయి, కొందరికి ఏమీ అనిపించదు.

నన్నడిగితే, ఇంట్లో ఉండే మనిషి, రోజుకి ఒకటి రెండు వాంతులు అయితే తిండి వేళలు, అల్లంతో ఒక వారం చూడండి. ఉద్యోగానికి వెళ్లే మనిషి, సిటీ బస్సులో నిలబడి వెళ్లాల్సిన మనిషి అయితే ఓర్చుకోమని చెప్పకండి, మొదటి వారంలోనే డాక్టర్ని మాత్ర అడగండి. మొదటి కాన్పులో మేము నెలన్నర ఓర్చుకున్నాం, ఆ నెలన్నరలో ఆమె బరువు తగ్గింది. రెండోసారి వారం తిరక్కుండా మాత్ర మొదలుపెట్టాం. ఆ తేడా నేను కళ్లారా చూశాను.

గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోతే, మూత్రం ముదురు రంగులోకి మారినా, చాలా గంటలు రాకపోయినా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా వీటిలో ఏదీ సరిపోదు. సెలైన్ ఎక్కించాలి, ఆసుపత్రికి బయల్దేరాలి.

ఆ రోజుల్లో ఆమె నోరు అడిగింది ఒక్కటే, ఆర్కే బీచ్‌లో అమ్మే ముంత మసాలా. నిమ్మకాయ పులుపు వికారానికి హాయిగా ఉంటుంది కదా. కానీ ఎప్పుడో తరిగి పెట్టిన ఉల్లి, టమాటా ముక్కలు, ఏ నీళ్లతో కడిగారో తెలియని కొత్తిమీర. కడుపుతో ఉన్నప్పుడు విరేచనాలు పట్టుకుంటే మామూలప్పటికంటే ఎక్కువ నీరసపెడతాయి. వద్దు అంటే ఆమె ముఖం చిన్నబోతుంది, సరే అంటే నాకు భయం. అందుకని ఇంట్లోనే చేశాను. మరమరాలు వేయించి, వేరుశనగ గుళ్లు, అప్పుడే తరిగిన ఉల్లి, టమాటా, చిటికెడు కారం, అరచెక్క నిమ్మరసం పిండి కాగితం పొట్లంలో పోసిచ్చాను. పొట్లంలో ఇవ్వడం ముఖ్యం, కంచంలో పెడితే ఆ రుచి రాదంది. బాల్కనీలో నిలబడి మొత్తం తినేసింది. నాలుగు రోజుల్లో ఆమె కడుపులో నిలిచిన మొదటి తిండి అదే.

వంట ఎవరు చెయ్యాలి

ఈ విషయంలో చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతోంది. "నువ్వు తినకపోయినా ఫర్వాలేదు, మాకు వండు చాలు" అన్నట్టు నడిచిపోతుంది. ఆమెను ఇబ్బంది పెట్టేది తినడం కంటే వండటమే. పోపు వాసన, అన్నం వార్చిన వాసన, చేపలు కడిగిన నీచు.

నాలుగు మార్గాలు కనిపిస్తాయి. కర్రీ పాయింట్ నుంచి కూరలు తెచ్చుకోవడం అన్నిటికంటే తేలిక, మన ఊళ్లో సందుకొకటి ఉంది. నూనె, కారం ఎక్కువ, మిగిలిన కూర మళ్లీ వేడి చేశారో లేదో మనకి తెలీదు. వారానికి ఒకటి రెండుసార్లు మీ వరకు తెచ్చుకోండి, ఆమెకి వద్దు. వంటమనిషిని పెట్టుకోవడం మంచిదే, కానీ పోపు వాసన ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఆమె వేరే గదిలో తలుపేసుకుని ఉండాలి. అమ్మనో, అత్తయ్యనో పిలిపిస్తే ఆప్యాయత దొరుకుతుంది, దానితో పాటు "ఇది తిను, అది తినకు" కూడా వస్తుంది. ఆ మాటలకి అడ్డం నిలబడగలిగితేనే పిలవండి.

నాలుగోది మనమే వండటం. నాకు అప్పటికి అన్నం, పప్పు, గుడ్డు అట్టు మాత్రమే వచ్చు. అవే చాలని తర్వాత తెలిసింది. ఆమెకి కావాల్సింది వాసన తక్కువగా ఉండే చల్లటి తిండి. చల్లారిన పెరుగన్నం, దానిమ్మ గింజలు, ఉడకబెట్టిన చిలగడదుంప, పల్చటి మజ్జిగ. కుక్కర్ బాల్కనీలో ఇండక్షన్ స్టవ్ మీద పెడితే ఆవిరి బయటికి పోయేది. షిఫ్ట్ డ్యూటీలో ఇదంతా ఎలా అంటారేమో. నేను మధ్యాహ్నం బి షిఫ్ట్‌కి వెళ్లేముందు వండి, చల్లార్చి, ఫ్రిజ్‌లో చిన్న చిన్న డబ్బాల్లో పెట్టి వెళ్లేవాణ్ణి. మూడు నెలల కథే అది.

వికారం తగ్గాక చేపలు మళ్లీ తేవచ్చు. ఫిషింగ్ హార్బర్ పక్కనే ఉన్న ఊరు మనది, ఆ అదృష్టం వదులుకోకూడదు. కవ్వళ్లు, నెత్తళ్లు లాంటి చిన్న చేపలు మంచివి, పాదరసం తక్కువ, బిడ్డ మెదడుకి కావాల్సిన కొవ్వులు ఉంటాయి. వారానికి రెండుసార్లు, బాగా ఉడికించి. సొర, కొమ్ము కోనాం లాంటి పెద్ద వేట చేపల్లో పాదరసం పేరుకుంటుంది, అవి ఈ తొమ్మిది నెలలూ పక్కన పెట్టండి. పాలు పడతాయని బాలింతకి సొర పిట్టు పెట్టడం మనవైపు ఆనవాయితీ. పాలిచ్చేటప్పుడు కూడా అది చిన్న చేపతో చేసుకుంటేనే మేలని నా అభిప్రాయం. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లకి వద్దు.

మధ్యాహ్నం: మాత్రల వేళలు

మా ఇంట్లో ఎక్కువ నష్టం చేసిన తప్పు ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నాలుగో నెల నుంచి రోజుకో ఐరన్ మాత్ర ఇస్తారు. ప్రభుత్వం ఇచ్చే దాంట్లో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. 180 రోజులు వేసుకోవాలి, పురుడయ్యాక మరో 180 రోజులు. కాల్షియం 500 మిల్లీగ్రాములది రోజుకి రెండు. నేను మర్చిపోకుండా ఉండాలని ఐరన్, కాల్షియం కలిపి ఒకే డబ్బాలో సర్ది, రాత్రి భోజనం అయ్యాక గ్లాసుడు పాలతో ఇచ్చేవాణ్ణి. ప్రేమగానే చేశాను. నెల తర్వాత పరీక్షలో హిమోగ్లోబిన్ 9.6. గర్భిణికి 11 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. డాక్టరమ్మ డబ్బా చూసి, "పాలు, కాల్షియం ఉన్నచోట ఇనుము ఒంటికి పట్టదు బాబూ" అన్నారు.

అప్పుడు వేళలు మార్చాం. ఐరన్ మధ్యాహ్నం, భోజనమైన గంటకి, నిమ్మకాయ నీళ్లతో. కాల్షియం పొద్దున్న టిఫిన్‌తో ఒకటి, రాత్రి భోజనంతో ఒకటి. రెండింటి మధ్య కనీసం రెండు గంటల ఎడం. టీ, కాఫీ కూడా ఐరన్‌కి గంట ముందు, గంట తర్వాత లేవు. మరుసటి నెలకి హిమోగ్లోబిన్ 10.7 చూపించింది. మందు మారలేదు, మారింది వేళే.

ఐరన్‌లో రకాలున్నాయి. ప్రభుత్వ మాత్ర ఉచితం, బాగా పని చేస్తుంది, కొందరికి కడుపులో తిప్పుతుంది, మలబద్ధకం పెడుతుంది. బయట కొనే ఫెర్రస్ ఆస్కార్బేట్ లాంటివి కొందరికి తేలిగ్గా పడతాయి, ఖర్చు ఎక్కువ. సిరప్ వాంతులవాళ్లకి వీలు, కానీ పళ్లు నల్లబడకుండా పుక్కిలించాలి. మాత్రలు అస్సలు పడకపోయినా, నెలలు దగ్గరపడ్డాక రక్తం బాగా తక్కువగా ఉన్నా సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. ఉచిత మాత్రతో మొదలుపెట్టి, రెండు వారాలు చూసి, పడకపోతే మార్చమని అడగండి. ఆమె చెప్పకుండా మానేస్తే మాత్రం అన్నిటికంటే నష్టం. విరేచనం నల్లగా వస్తే భయపడక్కర్లేదు, అది ఐరన్ రంగే.

మలబద్ధకానికి ఇసబ్గోల్ మంచిది, గ్లాసు నిండా నీళ్లతో. చాలకపోతే డాక్టర్ లాక్టులోజ్ సిరప్ రాస్తారు. పెద్దవాళ్లు ఆముదం అంటారు, దానికి మాత్రం ఒప్పుకోకండి, నొప్పులు తెప్పించే గుణం ఉంది.

మన ఊళ్లో ఉక్కపోత గురించి వేరే చెప్పాలా. ఏప్రిల్, మే నెలల్లో చెమటగానే నీళ్లన్నీ పోతాయి. నీళ్లు తగ్గితే తలనొప్పి, మలబద్ధకం, మూత్రంలో మంట ఒకదాని వెనక ఒకటి వస్తాయి. కొబ్బరి బోండం, మజ్జిగ, తాటి ముంజలు ఏవైనా సరే, కూల్ డ్రింక్ మాత్రం వద్దు. చక్కెర ఉన్నవాళ్లు బోండం కూడా రోజూ కాకుండా చూసుకోవాలి.

సాయంత్రం: నడక, నడుం, పాదాలు

నడకకి రోజుకి అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు సరిపోతుంది, డాక్టర్ బెడ్ రెస్ట్ చెప్పకపోతే. బీచ్ దగ్గర ఉన్నవాళ్లకి పొద్దున్నే వాహనాలు ఆపే వేళ బీచ్ రోడ్డు కంటే మంచి చోటు లేదు. ఇసుకలో నడవనివ్వకండి, అడుగు కుదరదు, నెలలు నిండేకొద్దీ కీళ్లు వదులవుతాయి కాబట్టి తూలే ప్రమాదం ఉంది. సాయంత్రం బీచ్‌లో జనం, తోపులాట. ఆ వేళ సెంట్రల్ పార్కో, శివాజీ పార్కో మేలు. మావైపు వాళ్లకి అంత దూరం వెళ్లి రావడమే అలసట, మేము మా మేడ మీదే నడిచాం. కొండవాలు ఇళ్లలో ఉండేవాళ్లకి మెట్లు ఎక్కడం దిగడమే సగం వ్యాయామం, నిత్యావసరాలు కింది నుంచి మీరే మొయ్యండి.

సింహాచలం గిరి ప్రదక్షిణ మొక్కు ఉన్నవాళ్లు అడుగుతుంటారు. ఆషాఢ పౌర్ణమి ఉక్కలో 32 కిలోమీటర్లు, కడుపుతో ఉన్న మనిషి చెయ్యదగ్గది కాదు. ఆ ఏడాది ఆమె మొక్కు కూడా మీరే నడవండి. నేను నడిచాను.

నడుం నొప్పికి మూడు చెబుతారు. పొట్టను కింద నుంచి పట్టే బెల్టు, గర్భిణుల యోగా, మర్దన. బెల్టు నిలబడి పని చేసేవాళ్లకి, టీచర్లకి, షాపుల్లో చేసేవాళ్లకి ఉపయోగం. రోజంతా కట్టుకుంటే ఉక్కకి చర్మం పాసిపోతుంది, పనిచేసే రెండు మూడు గంటలకే వాడాలి. యోగా నేర్చినవాళ్ల దగ్గర అయితేనే, వీడియోలు చూసి వద్దు. ఎక్కువ రోజులు నిలిచే ఫలితం మాత్రం యోగాకే. మర్దన ఆ రాత్రి నిద్ర పట్టడానికి. గోరువెచ్చటి నువ్వుల నూనెతో నడుం, భుజాలు, పాదాలు మెల్లగా రాయండి. పొట్ట మీద వద్దు, పిక్కలు గట్టిగా పిసకొద్దు. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు, డైక్లోఫెనాక్ జెల్‌తో సహా, అడక్కుండా వాడకూడదు. ముఖ్యంగా ఐదో నెల దాటాక ఆ జాతి మందులు బిడ్డ మూత్రపిండాలకి చేటు. పారాసెటమాల్ కూడా డాక్టర్‌కి చెప్పే వెయ్యండి.

సాయంత్రానికి పాదాలు వాచడం మామూలే. కాళ్లు ఎత్తు మీద పెట్టుకుంటే దిగుతుంది. పొద్దున్న లేచేసరికే ముఖం, చేతులు ఉబ్బి ఉంటే, తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, డొక్క కింద నొప్పి ఉంటే ఉప్పు నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునే సమయం కాదు. బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది గుర్రపువాతానికి, అంటే గర్భిణులకి వచ్చే మూర్ఛలకి దారితియ్యొచ్చు. ఒక్క పిక్కే వాచి ఎర్రగా నొప్పిగా ఉన్నా చూపించాలి. ఇంట్లో బీపీ మిషన్ కొనాలా అంటే, బీపీ ఒక్కసారైనా ఎక్కువ వచ్చినవాళ్లు కొనండి. మిగతావాళ్లకి అవసరం లేదు.

రాత్రి: మంట, దిండు, పిక్కలు

గుండెల్లో మంటకి కారణం రాత్రి తిన్న పకోడీ ఒక్కటే కాదు. గర్భంలో పెరిగే హార్మోన్ అన్నకోశం పై మూతను వదులు చేస్తుంది, బిడ్డ కింద నుంచి నొక్కుతుంది. రాత్రి భోజనం ఏడున్నరకి మార్చడం అన్నిటికంటే బాగా పని చేసింది. చల్లటి పాలు అప్పటికి హాయి, గంటకి మళ్లీ మంట. మెడికల్ షాపులో దొరికే గులాబీ రంగు యాంటాసిడ్ సిరప్ ఎక్కువసేపు ఆపుతుంది. దాన్ని ఐరన్ మాత్రకి దూరంగా వేసుకోవాలి. నీళ్లలో బుసబుసా పొంగే సోడా పొడులు, వంటసోడా వద్దు, వాటిలో ఉప్పు ఎక్కువ.

ఇక దిండ్లు. 28 వారాల తర్వాత పక్కకి తిరిగి పడుకోవడమే క్షేమం, వెల్లకిలా నిద్రపోకూడదు. ఎడమైనా కుడైనా ఫర్వాలేదు, నిద్రలో దొర్లితే కంగారు పడక్కర్లేదు, మెలకువ వచ్చినప్పుడు తిరిగితే చాలు. నేను ఆన్‌లైన్‌లో ఒంటి చుట్టూ వచ్చే పెద్ద దిండు కొన్నాను. మా మంచం సగం అదే ఆక్రమించింది. ఏసీ లేని గదిలో ఆ పాలియెస్టర్ గుడ్డ ఆమె ఒంటికి అతుక్కుపోయి, అటు నుంచి ఇటు తిరగాలంటే దాన్ని దాటాల్సి వచ్చేది. మూడో రాత్రికి అటక ఎక్కింది. చివరికి పని చేసినవి మూడు మామూలు దిండ్లు. మోకాళ్ల మధ్య ఒకటి, పొట్ట కింద పల్చటిది ఒకటి, వీపు వెనక చుట్టిన దుప్పటి, తల కింద బూరుగు దూది దిండు కాస్త ఎత్తుగా. ఏసీ గది, వెడల్పు మంచం ఉన్నవాళ్లకి ఆ పెద్ద దిండు బాగుండొచ్చు. ముందు ఇంట్లో ఉన్నవాటితో వారం చూసి కొనండి.

రాత్రి రెండింటికి పిక్క పట్టేస్తే ఆమె అరుస్తుంది, మీరు లేవాలి. మడమ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కాలివేళ్లను మోకాలి వైపు మెల్లగా వంచి అర నిమిషం ఆపండి. పిక్క రాయిలా ఉన్నది మీ చెయ్యి కిందే మెత్తబడటం తెలుస్తుంది. పడుకునే ముందు గోడకి చేతులానించి పిక్కలు సాగదీసుకుంటే రావడం తగ్గుతుంది.

ఒక్కోరోజు ఏ కారణం లేకుండా ఏడుస్తుంది. అప్పుడు పరిష్కారాలు చెప్పకండి, పక్కన కూర్చోండి. దిగులు రెండు వారాలకి పైగా రోజూ ఉంటే మాత్రం అది వేరే సంగతి, డాక్టర్‌కి చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఏ ఆసుపత్రి

ప్రభుత్వాసుపత్రులు మన ఊళ్లో గట్టివే. 1923 నుంచి ఉన్న కింగ్ జార్జ్ ఆసుపత్రి, పాత ఊళ్లో ఘోషాసుపత్రి అని అందరూ పిలిచే విక్టోరియా ఆసుపత్రి. ఖర్చు ఉండదు, కష్టమైన కాన్పులు చూసిన చేతులు ఉంటాయి, పురుడయ్యాక 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌లో ఇంటి దగ్గర దించుతారు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ కేంద్రాల్లో గర్భిణులకి ప్రత్యేక పరీక్షలు ఉంటాయి. పెద్దాసుపత్రుల్లో జనం ఎక్కువ కాబట్టి పొద్దున్నే వెళ్లాలి, పురిటి గదిలో తోడుకి మామూలుగా ఆడమనిషినే అనుమతిస్తారు.

ప్రైవేటులో మొదటి నుంచి చివరి దాకా ఒకే డాక్టర్ చూస్తారు, భర్తని లోపలికి రానిచ్చేవి కొన్ని ఉన్నాయి. బోర్డు చూసి కాక ఈ నాలుగూ అడిగి ఎంచుకోండి. రాత్రి రెండింటికి మత్తు డాక్టర్ ఎంతసేపట్లో వస్తారు, రక్తం ఎక్కణ్ణుంచి వస్తుంది, పసిపిల్లల ఐసీయూ అక్కడే ఉందా, మామూలు కాన్పుకి, సిజేరియన్‌కి మొత్తం ఎంత. మొదటిసారి మేము వెళ్లిన చోట మూడో ప్రశ్న అడగలేదు. బాబుకి ఊపిరి ఇబ్బంది అయితే రాత్రి వేరే ఆసుపత్రికి మోసుకెళ్లాల్సి వచ్చింది. బీపీ, చక్కెర, కవలలు, ముందు సిజేరియన్ అయినవాళ్లు అన్నీ ఒకేచోట ఉన్న పెద్దాసుపత్రే ఎంచుకోవాలి, ప్రభుత్వమైనా ప్రైవేటైనా.

పుట్టిల్లా, ఇక్కడా

చలిమిడి పెట్టి, సీమంతం చేసి తీసుకెళ్లడం మన పద్ధతి. అమ్మ దగ్గర ఉంటే వచ్చే నిద్ర ఎక్కడా రాదు, అది నేనూ ఒప్పుకుంటాను. పుట్టిల్లు విజయనగరమో, అనకాపల్లో అయితే సందేహమే వద్దు, పంపండి. ఏజెన్సీ లోపలి ఊరో, పెద్దాసుపత్రికి రెండు మూడు గంటలు పట్టే చోటో అయితే అత్తయ్యనే ఇక్కడికి రమ్మనండి. ఎక్కడికి వెళ్లినా తొమ్మిదో నెలలో కొత్త డాక్టర్‌కి మారడం కంటే ఏడో నెలలోనే ఒకసారి చూపించి రావడం మంచిది. మాతా శిశు సంరక్షణ కార్డు, స్కానింగులు ఆమెతోనే వెళ్లాలి. కారులో అయితే సీటు బెల్టు పొట్ట కింద నుంచి, పైది రొమ్ముల మధ్య నుంచి. బైకు మీద ఒక పక్కకి కూర్చోబెట్టి గతుకుల్లో తీసుకెళ్లే అలవాటు ఐదో నెలకైనా ఆపేసి ఆటో మాట్లాడండి.

సెలవు లెక్క కూడా ముందే చూసుకోవాలి. ఉద్యోగం చేసే ఆడవాళ్లకి మొదటి ఇద్దరు పిల్లలకి చట్టం ప్రకారం 26 వారాలు, అందులో 8 వారాలు కాన్పుకి ముందు వాడుకోవచ్చు. అంతకుముందు 12 నెలల్లో 80 రోజులు పని చేసి ఉండాలి. ఒంట్లో బాగుంటే ముందు తక్కువ, తర్వాత ఎక్కువ మిగుల్చుకోవడం బిడ్డకి లాభం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజులు ఉంటుంది, ఇద్దరు పిల్లల వరకు, పుట్టిన ఆరు నెలల్లోపు వాడుకోవాలి. ప్రైవేటులో చట్టం లేదు, సంస్థని బట్టి. పుట్టింటికి పంపేవాళ్లు ఆ సెలవు ఆమె తిరిగొచ్చే రోజుకి దాచుకోండి. అక్కడ చూసుకునేవాళ్లు నలుగురుంటారు, ఇక్కడ మీరొక్కరే.

చివరి నెల: ఏ దారి

బిడ్డ కదలిక తగ్గినట్టు ఆమెకి అనిపిస్తే, నెత్తురు కనిపిస్తే, ఉమ్మనీరు పోతే, మూర్ఛ వస్తే వెంటనే ఆసుపత్రికి బయల్దేరాలి, బండి లేకపోతే 108. తెల్లారే దాకా చూద్దాం అన్న మాట ఇంట్లో ఎవరూ అనకుండా చూసుకోండి.

ఆసుపత్రికి మాకు రెండు దారులు. ఎన్ఏడీ జంక్షన్, కంచరపాలెం మీదుగా ఒకటి, షీలానగర్ నుంచి కాన్వెంట్ జంక్షన్‌కి వెళ్లే పోర్టు రోడ్డు ఒకటి. రెండో కాన్పుకి ముందు, 36వ వారంలో, రెండూ రెండు వేళల్లో తిరిగి చూశాను. సాయంత్రం ఆరింటికి ఎన్ఏడీ వైపు గంట పట్టింది. పోర్టు రోడ్డు పగలు తొందరగానే అయ్యింది గానీ రాత్రి లారీల వరస, గతుకులు. రాత్రయితే ఎన్ఏడీ, పగలైతే పోర్టు రోడ్డు అని కాగితం మీద రాసి, ఇద్దరు ఆటో అన్నల నంబర్లు కింద రాసి, ఫైలు పెట్టిన సంచి పై జేబులో పెట్టాను. నేను బి షిఫ్ట్‌లో ఉండగానే నొప్పులు మొదలయ్యాయి. నాకు ఫోన్ చేసేసరికే ఆమె ఆటోలో కూర్చుని ఉంది, అత్తయ్య పక్కన. ఆటో అన్న చేతిలో ఆ కాగితం ఉంది. "రాత్రి కదా, ఎన్ఏడీ మీదుగానే వెళ్తున్నాం, మీరు నేరుగా ఆసుపత్రికి వచ్చెయ్యండి" అంది.